ఏడేళ్లు

చిన్నప్పుడు బళ్లో గొంతు చించుకుని 'ఏడేళ్లు నలభై తొమ్మిది' అని ఎక్కాలు అప్పజెప్పేవాళ్లం. ఇంటికొస్తే బామ్మ 'మీ తాతయ్య పోయి ఏడేళ్లయింది' అని నిట్టూర్చేది. నా చెవికి ఆ రెండు ఏళ్లకూ తేడా ఉండేది కాదు. తేడా చూసింది మా తెలుగు మాస్టారు ఒక్కరే. అంకె ఏడుకు అరసున్న అక్కర్లేదు, సంవత్సరమనే ఏఁడుకు మాత్రం పెట్టి తీరాలి. ఎందుకండీ అంటే 'పెద్దలు పెట్టారు, నువ్వూ పెట్టు' అనేవారు. ఎవరూ పలకని సున్నకు మార్కులు తెగ్గోస్తుంటే ఒళ్లు మండేది.

జవాబు మద్రాసులో దొరికింది, ఉద్యోగానికి వెళ్లిన కొత్తలో. వాళ్ల అంకె ఏడు చివర, 'తమిళం' అన్న మాటలో మనం 'ళ'గా మార్చుకున్న ఆ నాలుక మడిచే ధ్వని ఉంటుంది. సున్న జాడ లేదు. సంవత్సరానికి మాత్రం 'ఆండు' అంటారు, నిండు సున్నతో. మనం సగం చేసి, చివరికి ఆ సగాన్నీ పారేసిన సున్న పక్కింట్లో భద్రంగా ఉంది! తర్వాత మూఁడు పట్టుకున్నాను. తమిళంలో మూన్రు, గోండీలో మూండ్. ఆదిలాబాద్ గోండులు చిన్నయసూరిని చదివి పలకడం లేదు కదా.

అప్పటినుంచి ఒక నోటుబుక్కులో ఇలాంటి మాటలు పక్కపక్కన రాసుకోవడం అలవాటైంది. ఈ భాషలు ఒకే ఇంటివని మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1816లోనే చూపించాడు. బరో, ఎమెనోల ద్రావిడ నిఘంటువు, భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల పుస్తకం రెండూ 1961లోనే వచ్చాయి. నిద్ర పట్టని రాత్రి ఆ నిఘంటువు తెరిచానంటే ఇక తెల్లవారినట్టే.

ఈ పనిలో మొదట వదులుకోవాల్సింది పోలికల మోజు. అచ్చంగా ఒకేలా ఉన్న మాటను చూసి మురిసిపోతే కాఫీ కూడా మూలద్రావిడమైపోతుంది. పట్టుకోవాల్సింది తేడాని, అదీ మళ్లీ మళ్లీ ఒకే చోట కనబడే తేడాని. తమిళుల ఆనై మనకు ఏనుగు. వాళ్ల ఆరు మనకు ఏరు. వాళ్ల ఆండు మన ఏడు. వాళ్ల 'ఆ' దగ్గర మనకు 'ఏ' ఉంది. ఎందుకో తెలియాలంటే సంగం కవిత్వం దాకా వెళ్లాలి. అక్కడ ఏనుగు యానై, ఏరు యారు, సంవత్సరం యాండు. ఆ 'యా'ను వాళ్లు ఒకవైపు అరగదీశారు, మనం ఇంకోవైపు.

పోనీ ఎక్కువమంది ఏమంటే అదే అసలు రూపమా అంటే, అదీ కాదు. తెలుగులో చెవి, తమిళంలో చెవి, కన్నడంలో కివి. ఇద్దరొక మాట, ఒకరొక మాట. అయినా మొదటి హల్లు విషయంలో గెలిచేది కన్నడమే. ఇ, ఎల ముందు 'క' జారి 'చ' కావడం లోకంలో చాలా భాషల్లో ఉన్నదే, ఎదురు నడక అరుదు. మన చెరువు వాళ్లకు కెరె కావడమూ అదే లెక్క. అందుకే పండితులు మూలరూపాన్ని 'కెవి' అని కట్టి, పక్కన ఒక చుక్క గుర్తు పెడతారు. ఎవరూ వినలేదు, ఎక్కడా రాసి లేదు, లెక్కకట్టి తేల్చాం అని దానర్థం. ఆ చుక్కలో ఉన్న నిజాయితీ నాకు భలే ఇష్టం.

హైదరాబాద్ హాస్టల్లో మా గదిలో ఒక కరీంనగర్ అబ్బాయి ఉండేవాడు. 'ఏడేండ్లాయె' అంటే మేం కోస్తావాళ్లం ముసిముసిగా నవ్వేవాళ్లం. మాస్టారు అంత బాధపడి మా చేత రాయించిన సున్న, వాడి నోట్లో నిండుగా పలుకుతూనే ఉందని అప్పుడు తట్టలేదు.

నా నోటుబుక్కులో ఇప్పటికీ అల్లరిపెట్టే మాట ఒకటుంది. దేశమనే అర్థంలో తమిళంలో నాడు, కన్నడంలో నాడు. రెండుచోట్లా సున్న లేదు. మన పాత పుస్తకాల్లో మాత్రం 'పలనాఁడు' అని అరసున్న కనిపిస్తుంది. రాసినవాళ్లు అలవాటుకొద్దీ పెట్టేశారనుకుందామా అంటే, కడప జిల్లా కలమళ్లలో, ఆరో శతాబ్దపు శాసనం మీద, రేనాడును 'రేనాండు' అనే చెక్కారు.