లోహాల పాఠం : పట్టిక చెప్పేది, చెప్పనిది

ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రం చదివే విద్యార్థులందరికీ పరిచయమైన పట్టిక ఒకటి ఉన్నది. దానికి ఎడమవైపు లోహాలు, కుడివైపు అలోహాలు ఉంటాయి. లోహాలు మెరుస్తాయి, గట్టిగానూ బరువుగానూ ఉంటాయి, కొడితే మోగుతాయి, రేకులుగా తీగలుగా సాగుతాయి, ఉష్ణాన్నీ విద్యుత్తునూ ప్రసరింపజేస్తాయి. అలోహాలకు ఈ గుణాలు లేవు. అడుగున, ఎటూ చెందని వాటివలె, అర్ధలోహాల పేర్లు నాలుగైదు కనబడతాయి. ఆపైన ‘ఉపయోగాలు’ అనే శీర్షిక. ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క వాక్యం. అంతటితో పాఠం ముగుస్తుంది.

ఈ పట్టిక పనికిరానిదని ఎవరూ అనరు. ఇప్పటివరకు గుర్తించిన 118 మూలకాలను ఒక్క చూపుకు అందేటట్లు చేయడానికి ఇది మంచి సాధనమే. అయితే సాధనం నిర్వచనంగా మారినప్పుడు చిక్కు వస్తున్నది. పట్టికలోని గుణాలే లోహత్వమని విద్యార్థి భావిస్తాడు. వాటికి లొంగని పదార్థం ఎదురైతే ‘మినహాయింపు’ అని కంఠస్థం చేసి ముందుకు పోతాడు. ఎందుకు లొంగలేదని అడగడు. అడిగే అవకాశం పాఠం ఇవ్వదు. ఈ పాఠంలోని పెద్ద లోపం ఇదే.

గుణాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే సంగతి తేటపడుతుంది. గట్టిదనం సంగతి చూడండి. సోడియం లోహమే కాని చాకుతో కోయవచ్చును. అలోహమైన కర్బనం వజ్రరూపంలో ఉన్నప్పుడు ప్రకృతిలో లభించే పదార్థాలలోకెల్లా కఠినమైనది. బరువు సంగతి తీసుకుంటే, సోడియం నీటికంటె తేలిక. లిథియం సాంద్రత నీటి సాంద్రతలో సుమారు సగమే. ఘనస్థితి కూడా నమ్మదగిన గుర్తు కాదు. గాలియం 29.8 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఆంధ్రదేశపు వేసవిలో అది నీడపట్టున కూడా పాదరసం వలెనే ద్రవంగా ఉంటుంది. మోతకు వస్తే, గంటలు పోతపోసే కంచులో సుమారు నాలుగు పాళ్లు రాగి, ఒక పాలు తగరం ఉంటాయి. అది ఖంగున మోగుతుంది కాని రేకుగా సాగదు. గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. సీసం రేకుగా సాగుతుంది కాని మోగదు. అంటే పట్టికలో పక్కపక్కన కూర్చున్న రెండు గుణాలకు నిజంలో పొత్తు కుదరడం లేదు.

విద్యుద్వాహకత కొంత నమ్మదగిన గుర్తు. కాని ఇక్కడ కూడా టార్చిలైటులోని సాధారణ బాటరీయే పట్టికను ప్రశ్నిస్తుంది. దాని బయటి డబ్బా జింకు, అనగా లోహం. నడుమ నిలిచిన కడ్డీ కర్బనం, అనగా అలోహం. విద్యుత్తు ఆ రెండింటి గుండా ప్రవహిస్తేనే దీపం వెలుగుతుంది. కర్బనపు మరో రూపమైన వజ్రం విద్యుత్తును ప్రసరింపజేయదు. ఉష్ణాన్ని మాత్రం రాగికంటె కొన్ని రెట్లు మెరుగుగా ప్రసరింపజేస్తుంది. ఒకే మూలకం ఇన్ని విధాలుగా ప్రవర్తిస్తుండగా, గుణాలను మూలకం పేరుకు అంటగట్టి ఊరుకోవడం సమంజసం కాదు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1807లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ కరిగిన క్షారాల గుండా విద్యుత్తును పంపి పొటాసియం, సోడియం అనే కొత్త మూలకాలను వేరుచేశాడు. అవి మెరుస్తున్నవి, సాగుతున్నవి, విద్యుత్తును ప్రసరింపజేస్తున్నవి. కాని నీటిపై తేలుతున్నవి. లోహమంటే బరువైనదని నమ్మిన కాలమది. నీటిపై తేలే వాటిని లోహాలనవచ్చునా అనే వాదం బయలుదేరింది. లోహాన్ని పోలినవే గాని లోహాలు కావనే అర్థంలో వాటిని ‘మెటలాయిడ్లు’ అనవలెనని కొందరు 1808లో సూచించారు. ఎక్కువ గుణాలు కలుస్తున్నప్పుడు సాంద్రత ఒక్కటే అడ్డు రాకూడదన్న డేవీ పక్షమే చివరకు నిలిచింది. తరువాత బెర్జీలియస్ అదే మాటను అలోహాలకు వాడాడు. నేడది అర్ధలోహాలకు స్థిరపడింది. ఒక్క మాట మూడు వర్గాలకు మారిందంటే, గీతలు గీసినది ప్రకృతి కాదు, మనుష్యులేనని స్పష్టమవుతున్నది. ఈ కథకు పాఠంలో అరపుట కేటాయిస్తే, శాస్త్రం ఏ విధంగా ఎదుగుతుందో విద్యార్థికి తెలుస్తుంది.

మరి గుణాలకు మూలమేమిటి? పరమాణువు తన బయటి ఎలక్ట్రాన్లను ఎంత బిగువుగా పట్టి ఉంచుతుందనేదే ముఖ్యం. లోహాలలో ఆ పట్టు సడలి, ఎలక్ట్రాన్లు స్ఫటికమంతటా స్వేచ్ఛగా సంచరిస్తాయి. విద్యుత్తును మోసేవి అవే. మెరుపుకు కారణమూ అవే. సమ్మెటతో కొట్టినప్పుడు పరమాణువుల పొరలు ఒకదానిపై ఒకటి జారినా బంధం తెగకుండా కలిపి ఉంచేవీ అవే. వజ్రంలో ప్రతి ఎలక్ట్రానూ ఏదో ఒక బంధంలో ఇరుక్కొని ఉన్నది. అందుచేత విద్యుత్తు పారదు. గ్రాఫైటులో ప్రతి పరమాణువుకూ ఒక ఎలక్ట్రాను పొర వెంబడి కదలగలదు, అందుచేత పారుతుంది. ఇంతవరకు ‘మినహాయింపు’ అనిపించుకొన్నది ఇప్పుడు నియమానికే సాక్ష్యంగా మారింది. కంఠస్థం చేయవలసిన ఏడెనిమిది అంశాల స్థానంలో అర్థం చేసుకోవలసిన అంశం ఒకటి నిలిచింది.

అర్ధలోహాలకు పట్టికలో మరింత అన్యాయం జరుగుతున్నది. బోరాన్, సిలికాన్, జెర్మేనియం, ఆర్సెనిక్, ఆంటిమొని, టెల్లూరియం అనే ఆరింటిని సాధారణంగా ఈ వర్గంలో చేరుస్తారు. అయితే దీనికి అందరూ అంగీకరించిన నిర్వచనం లేదు. ‘రెండు రకాల గుణాలు కలవి’ అని చెప్పి వదిలివేస్తే, ఈ మూలకాలు అటూ ఇటూ కాని మిగులు సరుకని విద్యార్థి అనుకుంటాడు. నిజానికి ఆ నడిమి స్థితిలోనే వాటి విలువ ఉన్నది. రాగితీగను వేడిచేస్తే దాని విద్యుద్వాహకత తగ్గుతుంది; స్వచ్ఛమైన సిలికాన్‌ను వేడిచేస్తే పెరుగుతుంది. అందులో పది లక్షల పరమాణువులకు ఒక్క భాస్వరపు పరమాణువును చేర్చితే ఒక ఎలక్ట్రాను అదనంగా వస్తుంది. బోరాన్‌ను చేర్చితే ఒకటి లోటుపడుతుంది. ఈ రెండు రకాల సిలికాన్ కలిసిన హద్దు దగ్గరనే, ఇంటి కప్పులపై కనబడే సౌరఫలకాలలో, సూర్యకాంతి విద్యుత్తుగా మారుతున్నది. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తొలి ట్రాన్సిస్టరును తయారుచేసింది జెర్మేనియంతోనే. ‘సిలికాన్‌ను కంప్యూటర్లలో వాడతారు’ అన్న ఒక్క వాక్యంలో ఇదంతా మరుగున పడిపోతున్నది.

ఉపయోగాల శీర్షిక కూడా విమర్శకు నిలవదు. అందులో మూలకానికీ సంయోగ పదార్థానికీ తేడా చెరిగిపోతున్నది. సోడియం ఉపయోగమని వంట ఉప్పును చెబితే, నీటిలో వేయగానే భగ్గుమనే లోహానికీ కూరలో వేసే ఉప్పుకూ గల భేదం పిల్లవానికి తెలియదు. ‘భాస్వరాన్ని అగ్గిపుల్లలలో వాడతారు’ అనే వాక్యమూ సరికాదు. నేటి అగ్గిపుల్ల తలలో ప్రధానంగా పొటాసియం క్లోరేటు, గంధకం ఉంటాయి. ఎర్ర భాస్వరం ఉండేది అగ్గిపెట్టె పక్కన పూసిన పూతలో. పందొమ్మిదవ శతాబ్దిలో పుల్ల తలలోనే తెల్ల భాస్వరాన్ని పెట్టేవారు. దాని ఆవిరి సోకి ఎందరో కార్మికుల దవడ ఎముకలు కుళ్లిపోయినవి. 1906లో బెర్న్ నగరంలో కుదిరిన ఒప్పందం దానిని నిషేధించింది. ఒకే మూలకపు రెండు రూపాల మధ్య ఇంత అంతరమున్నదన్న సంగతి ఏ పట్టికకంటెనైనా విలువైన పాఠం.

పైగా ఉపయోగాలకు కాలదోషం పడుతుంది. సీసం ఉపయోగాలలో నీటి గొట్టాలు, రంగులు, పెట్రోలు అని వెనుకటి పుస్తకాలు వ్రాసేవి. సీసం పసిపిల్లల మెదడుకు హాని చేస్తుందని రుజువైన తరువాత ఒక్కొక్కటే నిలిచిపోయినవి. భారతదేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000వ సంవత్సరంలో పోయింది. ఒకప్పుడు ప్రతి జ్వరమాపకంలోనూ ఉన్న పాదరసం కూడా క్రమంగా తప్పుకొంటున్నది. ఉపయోగం చెప్పినచోట అపాయమూ చెప్పవలెను. వాడుక మానినచోట ఎందుకు మానినదీ చెప్పవలెను. లేనియెడల పాఠం పాత జాబితాయే అవుతుంది.

ఈ లోపాలను సవరించడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఒక బాటరీ, చిన్న బల్బు, రెండు తీగలు, రెండు కొసలా చెక్కిన పెన్సిలు, రాగి ముక్క, గంధకపు కణిక ఉంటే చాలును. పట్టిక చూపించక ముందే ఏది వెలిగిస్తుందో ఊహించమని, తరువాత పరీక్షించమని అడగవలెను. పెన్సిలులోని గ్రాఫైటు వద్ద బల్బు మినుకుమన్న క్షణంలో తరగతిలో పుట్టే ప్రశ్నతోనే పాఠం ఆరంభం కావలెను. పట్టిక పాఠం చివర, పిల్లల చేతనే తయారు కావలెను. పరీక్షలో సైతం ‘కింది వాటిలో అలోహం ఏది?’ అనే ప్రశ్నకు బదులు, ‘గ్రాఫైటు అలోహమైనా విద్యుత్తును ఎందుకు ప్రసరింపజేస్తున్నది?’ అని అడగవచ్చును.

తన కంటితో చూసినదానిని మినహాయింపని కొట్టివేయడం అలవాటైన విద్యార్థికి పట్టిక మిగులుతుంది, పరిశీలన మిగలదు. డేవీకి ఎదురైన సందేహం నేటి పిల్లవానికీ ఎదురు కానిస్తే, లోహాల పాఠం రసాయన శాస్త్రానికి నిజమైన ప్రవేశద్వారం కాగలదు.