చేత్తో పెట్టిన చుక్క

పాప్ ఆర్ట్ అనగానే ఆండీ వార్హోల్ సూపు డబ్బాలు, రాయ్ లిక్టెన్‌స్టైన్ కామిక్ బొమ్మలు గుర్తుకొస్తాయి. వాళ్లిద్దరూ అమెరికన్లు. నాకు మాత్రం పాప్ ఆర్ట్ మీద మమకారం పుట్టింది జర్మన్ల వల్ల. అందులోనూ జిగ్మార్ పోల్కె చుక్కల వల్ల.

పత్రికలో అచ్చయిన ఫొటోను భూతద్దం కింద పెడితే చుక్కలే కనిపిస్తాయి. నీడ ఉన్నచోట లావు చుక్కలు, వెలుతురు ఉన్నచోట సన్నవి. హాఫ్‌టోన్ బ్లాకులు చేయించిన పాతకాలం ప్రెస్సువాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఆ చుక్కల కోసం లిక్టెన్‌స్టైన్ చిల్లుల రేకు వాడాడు. అన్నీ ఒకే సైజులో, వరస తప్పకుండా పడేవి. పోల్కె 1963లో పెన్సిల్ చివరి రబ్బరును రంగులో ముంచి ఒక్కో చుక్కనూ కాగితం మీద అద్దాడు. అలా తేలిన ముఖం లీ హార్వే ఆస్వాల్డ్‌ది. కెనెడీని చంపాడన్న ఆరోపణతో ఆ ఏడాది నవంబరులో లోకంలోని పత్రికలన్నిటికీ ఎక్కిన ముఖం అది.

నేనూ అలా వేసి చూశాను. రబ్బరును గట్టిగా నొక్కితే రంగంతా అంచుకు జరిగి వలయం కడుతుంది, నడిమి భాగం వెలవెలబోతుంది. తేలిగ్గా ఆనిస్తే సగం చుక్కే పడుతుంది. రంగు ఆరేకొద్దీ నలుపు కాస్తా బూడిదవుతుంది. కాసేపటికి చెయ్యి లాగుతుంది, వరస వంకర పోతుంది. వంగి చూసినంతసేపూ అన్నీ మరకలే. లేచి నాలుగడుగులు వెనక్కి వేస్తే అక్కడో కన్ను, ఇక్కడో దవడ. అచ్చుయంత్రం చేసే పనిని మనిషి చెయ్యి ఎత్తుకుంటే ఎక్కడెక్కడ తడబడుతుందో పోల్కె దాచలేదు. ఆ తడబాటే అతని బొమ్మలకు ప్రాణం. పాప్ ఆర్ట్ తేలికపాటి పని అనుకునే విద్యార్థులు అరపేజీ ఇలా నింపి చూస్తే చాలు.

పోల్కె పుట్టింది 1941లో, సైలీషియాలో. యుద్ధం చివర కుటుంబం అక్కణ్ణించి పారిపోయి తూర్పు జర్మనీ చేరింది, 1953లో పశ్చిమానికి వచ్చేసింది. అతని మిత్రుడు గెర్హార్డ్ రిక్టర్ డ్రెస్డెన్‌వాడు. బెర్లిన్ గోడ లేచిన 1961లోనే, దానికి కొద్ది నెలల ముందు ఇవతలికి దాటాడు. ఇద్దరూ డ్యూసెల్‌డార్ఫ్ ఆర్ట్ అకాడమీలో కలిశారు. తూర్పున సోషలిస్ట్ రియలిజం రాజ్యమేలుతుంటే, వీళ్లు తమ పనికి క్యాపిటలిస్ట్ రియలిజం అని పేరు పెట్టుకున్నారు. పోల్కె ఆ రోజుల్లో గీసినవి సాసేజీలు, బిస్కెట్లు, చాక్లెట్. వార్హోల్‌కు సూపు డబ్బా రోజూ ఇంట్లో ఉండే వస్తువు. యుద్ధంలో ఇల్లూ ఊరూ పోయిన కుటుంబంలోని పిల్లవాడికి చాక్లెట్ అలాంటిది కాదు. ఆ బొమ్మల్లో ఎగతాళి ఉందని చాలామంది రాశారు. నాకు మొదట కనబడేది ఆశ.

1963 అక్టోబరు 11న రిక్టర్, మరో చిత్రకారుడు కోన్రాడ్ లూగ్ కలిసి డ్యూసెల్‌డార్ఫ్‌లోని బెర్గెస్ ఫర్నిచర్ షాపులో ఒక ప్రదర్శన పెట్టారు. సోఫానూ కుర్చీలనూ దిమ్మెల మీదికి ఎక్కించి, శిల్పాల్లా తామే వాటిమీద కూర్చున్నారు. కాగితపు గుజ్జుతో చేసిన కెనెడీ బొమ్మ కూడా అక్కడే. గదిలో టీవీ నడుస్తూనే ఉంది. తర్వాత జనం షాపంతా తిరిగారు. అమ్మకానికి పెట్టిన మంచాలూ బల్లలూ సైతం ఆ రాత్రి కళాఖండాలే. ‘పాప్‌తో బతుకు’ అని దానికి పేరు. లూగ్ ఆ తర్వాత బొమ్మలు మానేసి, కోన్రాడ్ ఫిషర్ పేరుతో పేరున్న గ్యాలరీ నడిపాడు.

ఇక అమెరికన్ల బొమ్మలను జర్మనీకి తెచ్చినవాళ్లలో ముందు చెప్పాల్సింది పీటర్ లుడ్విగ్, ఐరీన్ లుడ్విగ్ దంపతుల గురించి. ఆయన ఆహెన్ నగరంలో చాక్లెట్ వ్యాపారి. 1976లో తమ సేకరణను కొలోన్ నగరానికి ఇచ్చారు. లుడ్విగ్ మ్యూజియం పుట్టింది అలాగే.

చదువుకో, ఉద్యోగానికో జర్మనీ వెళ్లిన మన పిల్లలు కొలోన్‌లో రైలు దిగి, కెథెడ్రల్ ముందు ఫొటో దిగి, మళ్లీ రైలెక్కేస్తుంటారు. ఆ పక్కనే లుడ్విగ్ మ్యూజియం. లోపల లిక్టెన్‌స్టైన్ 1965లో వేసిన ‘ఎం-మేబీ’ ఉంది. దగ్గరికి వెళ్లండి, వెనక్కి నడవండి, మళ్లీ దగ్గరికి వెళ్లండి. సోమవారం మాత్రం సెలవు.