గుడ్డకు పట్టిన రంగు

సమకాలీన చిత్రకళలో సాంస్కృతిక అస్తిత్వం అనగానే తలపై కుండ ఎత్తుకున్న పల్లె స్త్రీ, ఎడ్లబండి, గాలిగోపురం వంటి బొమ్మలే తరచుగా ఎదురవుతాయి. వీటిని గుర్తుపట్టడం తేలికే గాని, ఇవి చూసేవారిని ఏ ప్రశ్నా అడగవు. బొమ్మలో ఏమున్నదన్నదాని కంటే అది దేని మీద, ఏ పద్ధతిలో, ఎవరి శ్రమతో తయారైనదన్న అంశం చేతనే చరిత్రను చెప్పించడం ఇంతకంటే కష్టమైన మార్గం. 1977లో హైదరాబాదులో జన్మించి వడోదరలో స్థిరపడిన లావణ్య మణి కలంకారీ పద్ధతిలో చేసిన కృతులు ఈ మార్గానికి చెందినవి.

ఆ పద్ధతి ఎంత నిదానమైనదో తెలియకపోతే ఎంపికలోని అర్థం బోధపడదు. కరక్కాయ రసం కలిపిన గేదెపాలలో నూలుగుడ్డను ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు, కరక్కాయలోని వగరు రంగు పట్టడానికి తోడ్పడుతుంది. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రవంతో, ఉన్ని చుట్టిన వెదురు కలం పట్టి గీత గీయగానే ఇనుము ఆ వగరుతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట మాత్రం రంగు పూయరు, పటిక నీళ్లు పూస్తారు. తరువాత చిరివేరు వంటి ఎర్రరంగు వేళ్లతో గుడ్డను ఉడికించినప్పుడు పటిక తగిలిన భాగమే ఆ రంగును పట్టి ఉంచుకుంటుంది. ఆపై పారే నీటిలో ఉతకాలి, ఎండలో ఆరవేయాలి. శ్రీకాళహస్తి పనివారికి స్వర్ణముఖి నది అక్కరకు వచ్చినది ఇందుకే.

ఈ విద్యకు ప్రకాశం జిల్లా తీరంలోని సింగరాయకొండ ప్రాంతం కూడా దూరపుది కాదు. అక్కడి పాకల తీరం నుండి ఉత్తరంగా సాగితే చినగంజాం దగ్గర మోటుపల్లి వస్తుంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాలకులు జప్తు చేసుకునే పాత ఆనవాయితీని మాని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు హామీ ఇస్తూ కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించినది అక్కడే. ఇంకా పైన ఉన్న నిజాంపట్నం పరిసరాల చిరివేరుకు వర్తకులలో గొప్ప పేరుండేది. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ అక్కడికి, మచిలీపట్నానికి వచ్చినది ఈ తీరపు గుడ్డల కోసమే. ఉతికినా వెలవని ఈ రంగుల గుడ్డలు తమ నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించగా, బ్రిటన్ 1721లో అద్దకపు నూలుబట్టల వాడకాన్నే చాలావరకు చట్టవిరుద్ధం చేసింది.

ఐరోపా యాత్రికుల కథనాలు, వస్త్రవ్యాపారం, వలసపాలన లావణ్య మణి కృతులకు మూలవస్తువులు. వాటిని కాన్వాసు మీద తైలవర్ణాలతో గీసినా కథ అదే కావచ్చును గాని, ఏ గుడ్డ కోసం ఓడలు వచ్చాయో ఆ గుడ్డ మీదనే, ఆ విద్యతోనే ఆ వ్యాపారాన్ని చిత్రించడం వలన బొమ్మ సాక్ష్యంగా మారుతుంది. పైగా కృత్రిమ ఎర్రరంగు అలిజరిన్ 1869 తరువాత మార్కెట్టును ముంచెత్తి చిరివేరు సాగును దెబ్బతీసిన సంగతి తెలిసినవారికి, సహజవర్ణాల వాడకం వట్టి పాతకాలపు మోజుగా తోచదు.

అయినా ఒక లోటు మిగిలే ఉన్నది, అది ఒక్క కళాకారిణికి సంబంధించినదీ కాదు. ప్రదర్శనశాలలో కృతి పక్కన కళాకారుల పేరు ఉంటుంది. నూలుగుడ్డ నేసినవారి పేరు, ఉతికినవారి పేరు ఉండవు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో అప్పు తెచ్చి పత్తి వేసి, గులాబీ పురుగుతో, పడిపోయే ధరతో పోరాడే రైతు, ముఖ్యంగా కౌలురైతు, ఆ బొమ్మల కథలోకి ఇంకా సరిగా ప్రవేశించనే లేదు. దేవతల కథలను వరుస గడులలో చెప్పడానికి శ్రీకాళహస్తి కలంకారీ తీర్చిదిద్దుకున్న అమరికలో విత్తనం కొట్టు, వడ్డీ లెక్క, పత్తి యార్డు ఇమడలేవని చెప్పడానికి శిల్పపరమైన కారణమేదీ కనిపించదు.