నల్లరాతికి నచ్చిన కెమెరా

తొలి డిజిటల్ కెమెరా, నీకు దండం.

2006 చివర్లో, అద్దాల బీరువాలో, ధర చీటీ మెడకు వేసుకుని కూర్చున్న నీకు దండం. పక్కన నీ తోటివాళ్లు ఉన్నారు. ఒక్కొక్కరి నుదుట ఒక్కో అంకె: ఆరు, ఎనిమిది, పది. కౌంటర్ వెనక తమ్ముడికి ఆ అంకెలు తప్ప ఇంకో ముచ్చట లేదు. "గిది తీస్కో అన్నా, ఇట్ల నొక్కితె అట్ల కనబడ్తది" అంటాడు. ఏళ్ల తరబడి రీళ్లు కడిగిన చేతులకు ఆ మాట వింటే ఒకింత ఆశ, ఒకింత భయం. నొక్కడానికీ కనబడటానికీ నడుమ ఉన్న ఎడంలోనే కదా ఇన్నాళ్లూ మా కాపురం సాగింది!

నిన్ను కొలవాలంటే ముందు మీ పెద్దమ్మను తలచుకోవాలి. ముప్పై ఆరు ఫొటోల తల్లి. రీలు ఎక్కించేటప్పుడు కాస్త పొదుపు చూపితే ముప్పై ఏడోది, అదృష్టం బాగుంటే ముప్పై ఎనిమిదోది కూడా ఒడిలో వేసే తల్లి. డార్క్ రూమ్‌లో ఎర్రబల్బు కింద, డెవలపర్ ట్రేలో తెల్లకాగితం వేసి, ఒక మూల పట్టుకుని మెల్లగా ఊపుతుంటే ముందు నలుపు వచ్చేది. స్తంభం వెనక నీడ వచ్చేది. నంది గిట్టల సందు వచ్చేది. ఆ తర్వాత బూడిదరంగు పొరలు పొరలుగా పరుచుకునేది. అన్నిటికన్నా ఆఖరున, రాతి మీది మెరుపు అంచున వెంట్రుకవాసి గీత. ఇంకో పది సెకన్లు ఆశపడితే అంతా మసి. తీసి హైపోలో వేయాలి. ఆ వాసన చొక్కాకు పట్టి, అన్నం ముందు కూర్చున్నా వదిలేది కాదు. నలుపు ముందు వస్తుందనీ, మెరుపు ఆఖరున వస్తుందనీ, రెంటినీ ఒకే కాగితం మీద నిలబెట్టడమే పనితనమనీ ఆ ట్రే నేర్పింది. వరంగల్‌లో ఫొటో తీసేవాడికి ఇంతకన్నా అక్కరకొచ్చే చదువు లేదు. ఇది నల్లరాతి ఊరు.

మీ వంశం పుట్టుక కూడా చెప్పుకోవాలి. 1975లో అమెరికాలో కొడాక్ ఇంజనీరు స్టీవ్ సాసన్ కట్టిన పెట్టె మూడున్నర కిలోలకు పైగా తూగింది. ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టింది. అడ్డం వంద, నిలువు వంద, మొత్తం పదివేల చుక్కలు. వేయిస్తంభాల గుడిని దాంతో తీసి ఉంటే స్తంభానికి పది చుక్కలు దక్కేవి. ముప్పై ఏళ్లు గడిచేసరికి, పది మెగాపిక్సెల్స్‌తో, స్తంభానికి పదివేలు దక్కాయి. అంకెల గొప్ప ఇంతవరకే. ఇక్కడి నుంచి మా ఊరు పెట్టే పరీక్షలు మొదలు.

మొదటి పరీక్ష హనుమకొండలో. అదే వేయిస్తంభాల గుడి, 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడు, విష్ణువు, సూర్యుడు మూడు దిక్కులా, ముంగట నల్లనంది. ఆ నునుపు మీద చెయ్యి పెడితే జారుతుంది, వెలుగు పడినా జారుతుంది. కెమెరాలో వెలుగును కొలిచే మీటరుకు మాత్రం లోకమంతా నడిమి బూడిదరంగే. నల్లరాతిని చూపిస్తే "పాపం, వెలుగు చాలలేదు" అనుకుని ఎక్స్‌పోజర్ పెంచుతుంది. నంది బూడిద పూసుకుని వస్తుంది. ఈ మీటరు అమాయకత్వం ఫిల్మ్‌లోనూ ఉండేది. ఒకటో ఒకటిన్నరో స్టాపు తగ్గించి తీయడం అలవాటు. నీలోనూ అదే మీటరు, అదే అమాయకత్వం. తేడా ఏమంటే నువ్వు తప్పును దాచవు. వెనక చిన్న తెర మీద వెంటనే ఒప్పుకుంటావు. ఆ నిజాయితీకి దండం.

రెండో పరీక్ష పాలంపేటలో, కఠినం. రామప్ప గుడిని 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. గోడలు ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద వాలుగా నిలబడ్డ మదనికలు మాత్రం నల్లరాయి. మధ్యాహ్నం పూట కింద నిలబడి తలెత్తితే నల్లని నాట్యగత్తె, ఆమె వెనక తెల్లగా మండుతున్న ఆకాశం. నెగెటివ్ ఫిల్మ్‌తో మాకు భయం ఉండేది కాదు. నీడకు కావలసినంత వెలుగిచ్చేసి వచ్చేవాళ్లం. ఆకాశం నెగెటివ్‌లో చిక్కగా పేరుకుని ఉండేది. ఎన్‌లార్జర్ కింద చేతులు అడ్డం పెట్టి, ఆకాశానికి ఇంకాస్త వెలుగు పోసి దాన్ని పిలుచుకునేవాళ్లం. నీ దగ్గర ఆ బేరం చెల్లదు. మెరుపు గిన్నె నిండి పొర్లిందంటే అక్కడ మిగిలేది 255 అనే అంకె, దాని వెనక ఏమీ లేదు. ఎంత పిలిచినా పలకదు. ఫిల్మ్‌లో నీడను కాపాడుకున్న మనిషి నీతో మెరుపును కాపాడుకోవాలి. స్లైడ్ ఫిల్మ్ తీసినవాళ్లకు ఈ బాధ ముందే తెలుసు కనుక, నీతో వాళ్లకే త్వరగా పొత్తు కుదిరింది.

అందుకే రా ఫైలు ఇవ్వని కెమెరాలన్నీ బీరువాలోనే ఉండిపోయాయి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు. ఆనాటి 12 బిట్ల రా ఫైలులో 4096. నల్లరాతి మదనిక మెడలోని హారం, నడుము మీది మడత, ఆ మెట్లలోనే దాగి ఉంటాయి. రా ఫైలు మాకు నెగెటివ్. జేపెగ్ ఎవరో ల్యాబ్‌లో వేసిచ్చిన ప్రింటు.

మూడో పరీక్ష ఎనుమాముల మార్కెట్లో, మిర్చి దిగే రోజుల్లో. ఘాటుకు కళ్లు నీళ్లు కారుతుంటే వ్యూఫైండర్లో ఏం కనబడుతుంది అని అడగొద్దు. ఎరుపు కనబడుతుంది, ఎరుపు తప్ప ఇంకేమీ కనబడదు. తేజ రకం ఎరుపు ఒకటి. బొద్దుగా ముడుచుకున్న చపాటా ఎరుపు ఇంకొకటి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మా వరంగల్ చపాటా. ఈ ఎరుపు దగ్గర చాలామంది డిజిటల్ వీరులు బోల్తా పడ్డారు. కెమెరా తెర మీది వెలుగుల గ్రాఫు చూస్తే అంతా క్షేమం. ఫొటో పెద్దది చేసి చూస్తే కాయ మీది ముడతలు లేవు, తొడిమె దగ్గరి మెరుపు లేదు, ఎర్రరంగు డబ్బా ఒలికి ఉంది. కారణం చిన్నది: ఒకటే గ్రాఫు మూడు రంగులనూ కలిపి చూపుతుంది. ఎరుపు ఒక్కటే పొర్లిపోతున్నా మిగతా రెండూ దాన్ని కప్పిపుచ్చుతాయి. నికాన్ డీ70లో ఉన్నది ఆ ఒకటే గ్రాఫు. డీ200లో ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా కనబడతాయి. మిర్చి రాశి ముందు నిలబడితే ఆ మూడు చిన్న కొండల విలువ తెలుస్తుంది.

ఇక సద్దుల బతుకమ్మ నాటి మునిమాపు. తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి కాషాయం. పడమట ఇంకా కాస్త నీలం మిగిలి ఉంటుంది, స్తంభం మీద సోడియం దీపం నారింజ రంగు పోస్తుంది, పక్క పందిరిలో ట్యూబ్‌లైటు ఆకుపచ్చగా పారుతుంది. పగటి వెలుగు ఫిల్మ్ లోడ్ చేసుకుని వచ్చినవాడి పని అక్కడితో సరి. రీలు మధ్యలో మార్చలేడు, నీలం ఫిల్టరు పెడితే వెలుగు చాలదు. ఈ ఊరి బిడ్డ, 2022 జనవరిలో కన్నుమూసిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ తీసిన బతుకమ్మలను చూసినప్పుడల్లా, తెలంగాణ పల్లె గడపల రంగులను చూసినప్పుడల్లా, రంగు అన్నది ముందు కంటిలో కుదరాలనీ ఆ తర్వాతే యంత్రంలోననీ అనిపిస్తుంది. అయినా ఒక్క బటన్‌తో వైట్ బ్యాలెన్స్ మార్చే నీ వరం చిన్నదేమీ కాదు. ఒక ఫొటోకు ఐఎస్ఓ 200, మరు ఫొటోకు 1600. మేడారం జాతరలో చిలకలగుట్ట దిగి సమ్మక్క గద్దెకు చేరేవేళ, దుమ్ములో, కాగడాల మసక వెలుగులో, బంగారమని పిలిచే బెల్లం ముద్దలు నెత్తిన పెట్టుకున్న జనం మీదికి ఫ్లాష్ కొట్టకుండా తీయగలగడం ఎంత భాగ్యమో రీలు జమానా వాళ్లకే తెలుసు. 1600 దగ్గర నీకు నాయిస్ వస్తుంది, రానీ. ఫిల్మ్‌కు గ్రెయిన్ రాలేదా? జాతర దుమ్ములో కలిసిపోతుంది.

పరీక్షలన్నీ నెగ్గినా అసలు సంగతి లెన్సు దగ్గర తేలుతుంది. కొత్త బాడీకి పాత లెన్సు తగిలించడం వియ్యం కలుపుకోవడమే. ముందు ఇంటిపేరు చూడాలి. నికాన్ ఇంటిపేరు 1959 నుంచి ఒకటే, ఎఫ్ మౌంటు. ఎఫ్ఎం2 మీద అరిగిన యాభై ఎం.ఎం. లెన్సు డీ70 మీద చక్కగా కూర్చుంటుంది గానీ మీటరు మూగబోతుంది. అంతా మన అంచనాయే. డీ200 మాత్రం పాత కోడలిని గౌరవిస్తుంది. మెనూలో 50 అనీ, ఎఫ్ 1.8 అనీ ఒకసారి చెబితే చాలు, మీటరు పలుకుతుంది. 1977కు ముందు తయారై, ఏఐ రింగు మార్పించని లెన్సులను మాత్రం బిగించకూడదు, మౌంటు దెబ్బతింటుంది. పెంటాక్స్ కే1000 వాళ్లది ఇంకా నిశ్చింత. వాళ్ల కే మౌంటు లెన్సులు కే10డీ మీద ఎక్కుతాయి, మీటరూ పలుకుతుంది. కెనాన్ ఎఫ్‌డీ లెన్సుల వాళ్లకు 1987లోనే చుట్టరికం తెగింది. యాషికా వాళ్లకు ఆ పేరుతో డిజిటల్ ఎస్ఎల్ఆర్ ఇల్లే లేదు. దుఃఖమే అయినా, పాత లెన్సుల కట్టుబాటు లేదు కనుక వాళ్లు ఏ గడప అయినా ఎక్కవచ్చు.

ఎక్కిన లెన్సు పూర్వంలా చూడదు, అదొక్కటి కష్టం. నీ సెన్సార్ పాత ఫ్రేములో సగానికన్నా తక్కువ. 28 లెన్సు 42గా, 50 లెన్సు 75గా చూస్తుంది. ఖిలా వరంగల్‌లో ఇంతకాలం కాళ్లకు గుర్తున్న చోట నిలబడి కెమెరా ఎత్తితే కీర్తితోరణం రెండు కొమ్ములూ ఫ్రేములో పట్టలేదు. వెనక్కి నడవాలి, రాళ్ల మధ్య కొత్త చోటు వెతుక్కోవాలి. నడిపించినందుకు కూడా దండమే.

మిగతావి చిటికెలో చెప్పవచ్చు. వ్యూఫైండర్ గాజు ప్రిజందై ఉండాలి, కంటికి వెలుతురుగా. నొక్కగానే కొట్టాలి, నొక్కిన తర్వాత ఆలోచించే చిన్న కెమెరాలతో కోలాటం తీయలేం. షట్టర్ వేగమూ అపర్చరూ మెనూలో కాక వేళ్ల కింద ఉండాలి. ఇన్ని చూశాక డీ200 ధర ఎక్కువే, బరువూ ఎక్కువే, అయినా నల్లరాతికి నచ్చింది అదే. నా లెక్కలో ఆనాటి వరంగల్ ఫిల్మ్ మనిషికి తగిన తొలి డిజిటల్ కెమెరా అదే.

నువ్వు ఇంటికి వచ్చిన ఏడాదే నికాన్ తన ఫిల్మ్ కెమెరాలు చాలావాటిని ఆపేసింది, కోనికా మినోల్టా కెమెరాల వ్యాపారమే వదిలేసింది. 2012 జనవరిలో, నీ పూర్వజుణ్ని కన్న కొడాకే దివాలా రక్షణ కోరింది. ఊటీలో 'ఇందు' ఫిల్మ్ తయారు చేసిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కూడా మూతపడింది. ఆ నేరం నీ మీద మోపడం న్యాయం కాదు. కానీ అట్టపెట్టెలో మడతపెట్టిన నెగెటివ్‌ను ఇవాళ తీసి వెలుగుకు పట్టినా నంది కనబడుతుంది; చెడిన హార్డ్ డిస్క్‌ను వెలుగుకు పడితే ఏమీ కనబడదు. ఆ ఒక్క విషయంలో పెద్దమ్మే గెలిచింది.

ఇవాళ సెకండ్ హ్యాండ్ కెమెరాతో ఈ దారిలోకి వచ్చే అన్నలకు, అక్కలకు ఒక మాట. మీ పాత లెన్సు, ఒక కార్డు వెంట తీసుకెళ్లండి. దుకాణం బయటికి వచ్చి, ఎండలో, తెల్లగోడ ముందు ఏదైనా నల్లటి వస్తువు పెట్టి రా ఫైలు తీయండి. పెద్ద తెర మీద చూసిన తర్వాతే బేరమాడండి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. డీ200 షట్టర్‌ను లక్ష దెబ్బలకు పరీక్షించారు. ఫైళ్లు రెండు చోట్ల దాచండి. మొదటి నెలలోనే ఒక్క ఫొటో అయినా పెద్దది చేయించి గోడకు పెట్టండి. పది మెగాపిక్సెల్స్ ఫైలు పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల కాగితానికి నిక్షేపంగా సరిపోతుంది.