సమాచారదాతల పట్టిక: క్షేత్రపరిశోధనలో ఒక అలవాటుపై విమర్శ

ఖమ్మం నుంచి వచ్చే దారి తల్లాడలో చీలి, ఒక పాయ ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వైపు సాగుతుంది. భద్రాచలం అడవి అంచున గల కోయగూడేలకు పరిశోధకులు ఈ దారిన వెళ్తుంటారు. తిరిగివచ్చేటప్పుడు వారి ఫోనులో ఎవరెవరి మాటలు ఉన్నాయి, అవి చివరికి ఎక్కడికి చేరుతున్నాయి అన్నది మన పరిశోధన పద్ధతి అధ్యాయాల్లో తరచుగా కనిపించని విషయం.

సిద్ధాంతగ్రంథం చివర సమాచారదాతల పట్టిక చేర్చడం మనకు పరిపాటి. పేరు, వయస్సు, కులం, గ్రామం, ఒక్కొక్కచోట ఫోను నంబరు సైతం ఉంటాయి. బిరుదురాజు రామరాజు వంటి వారు వేసిన బాటలో నడిచే జానపద పరిశోధకునికి పాడినవారి పేరు చెప్పడం గౌరవం, ప్రామాణికతకు ఆధారం. దీన్ని కాదనలేము. అయితే ఆనాటి ప్రతి గ్రంథాలయపు బీరువాలో ఉండేది. నేడు యు.జి.సి. నిబంధనల మేరకు ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు చేరి, శోధగంగ ద్వారా ఎవరికైనా అందుతుంది.

పెళ్లిపాట పాడిన స్త్రీ పేరు తెలిస్తే నష్టం లేకపోవచ్చు (ఆమెను అడిగితే మంచిది). పోడు రైతు సంగతి వేరు. 2006 నాటి అటవీహక్కుల చట్టం ప్రకారం గిరిజనుని సాగు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఉండాలి. "ఈ పోడు కొట్టి పదేళ్లయింది" అని అతడు యథాలాపంగా అన్న మాట పేరుతో, ఊరితో అచ్చయితే అతని దరఖాస్తుకే అడ్డుపడవచ్చు. చేను ఫోటోలో దాగిన జి.పి.ఎస్. వివరమూ అంతే.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పరిశోధనకు మినహాయింపునిచ్చిందని కొందరు నిశ్చింతగా ఉంటున్నారు. ఆ మినహాయింపు షరతులతో కూడినది: ఆ సమాచారంతో ఒక వ్యక్తికి సంబంధించిన నిర్ణయం తీసుకోరాదు, నిర్దేశిత ప్రమాణాలు పాటించాలి. రికార్డింగును వాట్సాప్‌లో పర్యవేక్షకునికి పంపడం, ఫోను దానంతటదే గూగుల్ డ్రైవ్‌లో ప్రతి దాచుకోవడం ఏ ప్రమాణం కిందికి వస్తాయి?

గ్రంథంలో సంకేతనామాలు వాడి, అసలు పేర్ల పట్టికను పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ చేసి విడిగా ఉంచడం కష్టమైన పని కాదు. పాటగాళ్లు కోరితే వారి పేరు యథాతథంగా వేయవచ్చు. పరీక్షకుడు ఆధారం అడిగితే ఎలా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. పట్టికను సీలు వేసి శాఖలో భద్రపరచి, అవసరమైతే పరీక్షకునికి మాత్రమే చూపవచ్చు. పరిశోధకుడు పట్టా పుచ్చుకుని వెళ్లాక ఆ కవరుకు, ఆ పాస్‌వర్డుకు శాఖలో ఎవరు బాధ్యులో మాత్రం ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.