మాండలిన్‌కు కరెంటు

వర్ధంతి రోజైన సెప్టెంబరు 19 దగ్గరపడితే మాండలిన్ శ్రీనివాస్‌ను తలుచుకుంటూ పత్రికల్లో నివాళులు వస్తాయి. ఈ వారం చదివినవాటిలో ఒక పోలిక నన్ను చాలా చికాకు పెట్టింది: ఆయన మన రాక్ గిటారిస్టు అట. 1969లో పాలకొల్లులో పుట్టి, తొమ్మిదేళ్ల వయసులో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసి, 1998లో పద్మశ్రీ అందుకుని, 45 ఏళ్లకే 2014లో కన్నుమూసిన విద్వాంసుడాయన. త్యాగరాజ కీర్తన వాయించిన మనిషిని జిమీ హెండ్రిక్స్ పక్కన నిలబెడితే తప్ప ఆయన గొప్పతనం మనకు తెలియదా? వేదిక మీద చూసినా పొంతన కుదరదు. 1967లో మాంటెరీలో హెండ్రిక్స్ గిటారుకు నిప్పంటించాడు. మన రాయలసీమలోనే, పుట్టపర్తిలో శ్రీనివాస్‌ను విన్నవాళ్లకు ఆయన ఎలా కూర్చునేవాడో తెలుసు. నుదుట విభూతి, ముఖాన చిరునవ్వు, కదిలేది వేళ్లు మాత్రమే. అయితే ఆయన చేతిలోని వాద్యం ఎలా పనిచేస్తుందో నిదానంగా చూస్తూ పోతే, ఆ పోలికను కొట్టిపారేయడం అంత తేలిక కాదనిపిస్తుంది.

మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు. వయొలిన్ శ్రుతే, కానీ కమాను ఉండదు, మీటాలి. తీగ పొట్టిది, బిగువు ఎక్కువ, కాబట్టి మీటిన స్వరం పుట్టీ పుట్టగానే చచ్చిపోతుంది. జంట తీగలను పక్కకు లాగితే రెండూ ఒక్కలా సాగవు, శ్రుతి చెదురుతుంది. మన సంగీతానికేమో గమకం ప్రాణం. ఒక్క మీటుతో మూడు నాలుగు స్వరాల మీదుగా జారాలి, ఊగాలి, తిరిగి రావాలి. వీణకు పొడుగాటి తీగ, ఎత్తైన మెట్లు ఉన్నాయి కాబట్టి అది సాధ్యం. శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండలిన్ రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు విని వాయించేవాడు. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది. మాండలిన్ గురువు దగ్గర చేరి ఉంటే ఆ వాద్యానికి ఏది చేతనవునో అదే నేర్చుకునేవాడు. గాత్రం విని నేర్చుకున్నాడు కాబట్టి ఆ వాద్యానికి చేతకానిది అడిగాడు. జంట తీగలు పోయి ఐదు ఒంటి తీగలు వచ్చాయి, బోలు పెట్టె పోయి గట్టి చెక్క వచ్చింది, తీగల కింద పికప్ చేరింది. గట్టి చెక్క తీగ కదలికను త్వరగా మింగదు. చెవికి అందనంత సన్నబడిన కదలికను కూడా పికప్ పట్టి ఆంప్లిఫయర్‌కు ఇస్తుంది. ఆ మిగులు ధ్వనిలోనే గమకానికి చోటు దొరికింది.

పరాయి వాద్యం కదా అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ కాలమ్ చదివేవాళ్లకు ముందే తెలుసు, ఇక్కడ నేను హార్మోనియం మాట తీస్తానని. మన కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన నాటక సమాజాలను, ఆ తర్వాత సీమ పల్లెల్లో తెల్లవార్లూ ఆడిన పద్య నాటకాలను హార్మోనియం లేకుండా ఊహించలేం. అదీ యూరప్ నుంచి వచ్చిందే. నటుడు రాగం తీసి ఊపిరి పీల్చుకునేలోపు ఆ స్వరం నేల రాలకుండా పట్టుకున్నది హార్మోనిస్టు. గమకం పలకదన్న ఆరోపణ మీద ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది, ఆ ఆంక్ష సడలడానికి 1971 దాకా పట్టింది. ఆరోపణలో నిజం లేకపోలేదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న స్వరం దానికి నిజంగానే రాదు. కానీ స్వరాన్ని నిలబెట్టడం వచ్చు, మన ఊళ్లకు కావలసిందీ అదే. మాండలిన్‌ది సరిగ్గా తిరగబడిన కష్టం: ఒంటి తీగను లాగితే మధ్య స్వరం దొరుకుతుంది, కానీ నిలబడదు. కరెంటు తగిలాక ఈ రెండూ ఒకే వాద్యంలో కలిశాయి. వాద్యం ఏ దేశానిదన్నది కాదు, మన రాగానికి కావలసింది అది ఇస్తుందా లేదా అన్నదే ప్రశ్న. వయొలిన్‌ను ఎన్నడో సొంతం చేసుకున్నవాళ్లం ఇంకా దీని మీద వాదించుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంకో ఆక్షేపణ బరువైనది. గొప్పతనం యంత్రానిదైతే చేతిదేముంది అని. ఆంప్లిఫయర్ మంచిచెడ్డలు ఎంచదు. గమకాన్ని ఎంత పెద్దది చేస్తుందో, తప్పు వేలినీ అంతే పెద్దది చేస్తుంది. మెల్లగా మీటినా చివరి వరుసకు వినబడుతుంది కాబట్టి గట్టిగా మీటే అవసరం తప్పింది. అందరూ మెచ్చే ఆయన వేగంలో స్పష్టత చెడకపోవడానికి అదొక కారణమని నా నమ్మకం. కానీ తేలిక మీటుతో అంత వేగాన్ని కాలం తప్పకుండా నడపడం మాత్రం చేతి పనే.

రాక్ గిటారుకు వస్తే, అందరూ దాన్ని చప్పుడుగా చూస్తారు. దాని కీలకం చప్పుడు కాదు, ఆగని స్వరం. హెండ్రిక్స్ స్పీకరు ముందు నిలబడితే ఆ ధ్వని తగిలి తీగ మళ్లీ కదిలేది, స్వరం బతికేది. బ్లూస్ గిటారిస్టులు తీగను పక్కకు లాగడం గొంతులా పలికించడానికే. జాన్ మెక్‌లాఫ్లిన్ 1970ల్లో శక్తి బృందం కోసం మెట్ల మధ్య చెక్కను లోతుగా చెక్కిన గిటారు వాడాడు, వీణలా తీగ సాగాలని. ఆ మెక్‌లాఫ్లిన్ తర్వాత రిమెంబర్ శక్తి బృందంలో శ్రీనివాస్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 1995లో శ్రీనివాస్‌తో డ్రీమ్ ఆల్బమ్ చేసిన కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్ అయితే, స్వరం ఎంతసేపైనా ఆగకుండా మోగే ఇన్ఫినిట్ గిటారునే తయారుచేశాడు. వీళ్లంతా తీగను గొంతుగా మార్చాలని బయలుదేరినవాళ్లే. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో మన కృతులు వాయించిన 14 ఏళ్ల పిల్లవాడు అప్పటికే ఆ దారిలో ఉన్నాడు. వేషం, వేదిక, నిప్పు పక్కన పెట్టి చూస్తే ఆ నివాళి రాసినవాళ్ల పోలిక సరైనదే. కాకపోతే వాళ్లు దాన్ని వేగం కోసం చేశారు, నేను నిలిచిన స్వరం కోసం ఒప్పుకుంటున్నాను.

శ్రీనివాస్ తమ్ముడు రాజేష్, శిష్యులు ఈ వాద్యాన్ని ముందుకు తీసుకెళ్తున్నారు. కొత్తగా చేరే పిల్లలకు ముందు మామూలు మాండలిన్ మీద చెయ్యి కుదరనీ, కరెంటు తర్వాత చూద్దాం అని సలహా ఇచ్చే పెద్దలకు ఒక్క మాట చెప్పాలి. ఆ జంట తీగల మీద తోడి గాంధారం ఊగదు. ఊగని గాంధారాన్ని ఏళ్ల తరబడి సాధన చేసిన వేలికి తర్వాత దాన్ని ఊపడం నేర్పాలంటే మొదట్నుంచీ మొదలుపెట్టాల్సి ఉంటుంది. తొలి పాఠం నాడే ప్లగ్ పెట్టనివ్వండి.