స్తంభం తరువాతి కథ

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లోని మా కొన్ని కుటుంబాలు శుక్రవారం ఉదయం ఒక ఇంట చేరి పోతన భాగవతం చదువుకుంటున్నాము. పెద్దలు పద్యం చదువుతారు. పిల్లలు పదాలు విడదీసి అర్థం అడుగుతారు. సప్తమ స్కంధంలోని ప్రహ్లాద చరిత్ర నడుస్తున్న రోజుల్లో, గోడమీది నరసింహస్వామి పటం చూసి ఒక తొమ్మిదేళ్ల అమ్మాయి, "ఈయన ఎప్పుడూ ఇంత కోపంగానే ఉంటాడా?" అని అడిగింది. మాలో ఎవ్వరమూ వెంటనే బదులు చెప్పలేకపోయాము. లెంపలు వేసుకో, లేకపోతే కళ్లు పోతాయి అని ఆ పిల్లలకు నేర్పినవారము మేమే కదా.

సప్తమ స్కంధం ఇంచుమించు ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. సర్వభూతాలయందు సముడైన విష్ణువు ఇంద్రుని పక్షం వహించి దైత్యులను ఎందుకు చంపాడని పరీక్షిత్తు శుకమహర్షిని అడుగుతాడు. అంటే, దేవునికి అయినవారు, కానివారు ఉంటారా అని. ఈ సందేహం తీర్చడానికే ప్రహ్లాదుని కథ వచ్చింది. మాకు మాత్రం ఆ కథ ముందుగా 1967 నాటి 'భక్త ప్రహ్లాద' చిత్రం వల్ల తెలుసు. రోజారమణి ముద్దుమాటలు, ఎస్.వి.రంగారావు గర్జన, చివర స్తంభం పగలడం. మా జ్ఞాపకంలో కథ స్తంభం దగ్గరే ఆగిపోయింది. పోతన అక్కడ ఆగలేదు. మేము చదవవలసినది అసలు అక్కడినుంచే.

అంతకుముందు ఒక మాట. ఈ స్కంధంలో స్వభావసిద్ధమైన కోపం ఎవరిదని చూస్తే, అది హిరణ్యకశిపునిది. తమ్ముడు హిరణ్యాక్షుడు హతుడైన దుఃఖంలోనుంచి పుట్టిన కోపమది. విచిత్రమేమంటే, కొడుకును పోగొట్టుకున్న తల్లి దితిని ఓదారుస్తూ అతడే ఆత్మకు చావు లేదని చక్కని వేదాంతం చెబుతాడు. సుయజ్ఞుడనే రాజు శవం చుట్టూ ఏడుస్తున్న బంధువుల వద్దకు యముడు బాలుని రూపంలో వచ్చి బోధించిన కథ కూడా వినిపిస్తాడు. అన్నీ తెలిసినవాడే. తెలిసినది అతని కోపాన్ని చల్లార్చలేదు, అంతే. ఇంత విద్వత్తుగల ప్రతినాయకుణ్ణి సినిమాలు మనకు చూపలేదని మా ఫిర్యాదు.

ఇక స్తంభం తరువాత. హిరణ్యకశిపుడు మరణించాడు, అయినా స్వామి కోపం దిగలేదు. బ్రహ్మ, రుద్రుడు, ఇంద్రుడు, సిద్ధులు, గంధర్వులు వరుసగా నిలబడి స్తోత్రాలు చేశారు. అందరూ దూరంనుంచే. లక్ష్మీదేవిని వెళ్లమంటే ఆమె సైతం, ఇటువంటి రూపం ఎన్నడూ ఎరుగనని వెనుకాడింది. చివరకు బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి పంపాడు. పిల్లవాడు మెల్లగా నడిచివెళ్లి సాగిలపడ్డాడు. స్వామి అతణ్ణి లేవనెత్తి తలమీద చేయి వేశాడు. ఆ గోళ్లు, ఆ కోరలు, ఆ ప్రేగుల మాల తనకు భయం కలిగించవని, సంసారమంటేనే తనకు భయమని ప్రహ్లాదుడు విన్నవించుకుంటాడు. సింహం ఇతరులకు భయంకరం, తన కూనలకు కాదు అని శ్రీధరస్వామి వ్యాఖ్యానం. మాకు ఈ ఘట్టంలో తోచినది ఇది: దూరంగా నిలిచినవారందరూ కోపాన్నే చూశారు. దగ్గరకు వెళ్లినవానికి చేయి తగిలింది.

స్వామి వరం కోరుకోమన్నప్పుడు ప్రహ్లాదుడు అన్న మాట మాలో కొందరిని కలవరపెట్టింది. కోరికలు తీర్చుకోవడానికి కొలిచేవాడు సేవకుడు కాడు, వర్తకుడు అంటాడు. ఉద్యోగానికి, వీసాకు మొక్కుకున్న చేతులు మావి. కళ్లు తీయకు, తప్పు చేయను అనడం కూడా అటువంటి బేరమే. భయంతో చేసే పూజకూ ఆశతో చేసే పూజకూ ధర ఒకటే.

పదో తరగతి చదివే అబ్బాయి ఒకడు గట్టి ఆక్షేపణ తెచ్చాడు. ద్వేషంతో తలచినవారు కూడా ఆయననే చేరుతారని నారదుడు ఈ స్కంధం మొదట్లోనే ధర్మరాజుకు చెప్పాడు. శిశుపాలుడు అట్లాగే చేరాడు. మరి ప్రేమించడం ఎందుకు? చేరే చోటు ఒకటే కావచ్చు, దారులు వేరు. తండ్రి రాత్రింబవళ్లు శత్రువును వెతుకుతూ నిద్రలేక మండిపోయాడు. కొడుకు తనలో తానే నవ్వుకునేవాడు, ఏడ్చేవాడు, పాడేవాడు, ఉన్నట్టుండి మౌనంగా కూర్చునేవాడు. ఆనందం భగవంతుని స్వభావమనడానికి పోతన చూపిన సాక్ష్యం ఈ పిల్లవాడే. తర్కంగా ఇది పూర్తి సమాధానం కాదని ఆ అబ్బాయి అభిప్రాయం. మేమూ కాదనలేదు.

అయితే కోపాన్ని పూర్తిగా తుడిచివేసి స్వామిని చక్కెరబొమ్మను చేయడం మాకు సమ్మతం కాదు. తెలుగునేల దేవాలయాలు ఆ పని చేయలేదు. అహోబిలంలో ఉగ్రమూర్తి, లక్ష్మీసమేతుడైన మాలోలుడు ఒకే కొండల్లో కొలువై ఉన్నారు. సింహాచలంలో స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండి, వైశాఖ శుద్ధ తదియనాడే నిజరూపంతో దర్శనమిస్తాడు. మంగళగిరిలో భక్తులు పానకం పోస్తారు. చల్లబరచవలసిన వేడి ఉన్నదని ఒప్పుకున్నవారి ఆచారాలివి. కొలిమిలో ఇనుము కాలినట్లు పసివానిని కాలుస్తుంటే చల్లగా చూస్తూ కూర్చునే దేవుణ్ణి ప్రేమమయుడని ఎట్లా అనగలము?

ప్రహ్లాదుడు కడకు అడిగినది తండ్రిని క్షమించమని. అతడే కాదు, ఇరవై ఒక్క తరాలవారు పవిత్రులైనారని స్వామి చెప్పి, వెళ్లి తండ్రికి ఉత్తరక్రియలు చేయమన్నాడు. చంపినవాడే ఆ మాట అన్నాడు. ఆ భాగం చదివిన శుక్రవారం ఆ అమ్మాయి కోపం సంగతి మళ్లీ ఎత్తలేదు. నాన్న పోయినందుకు ప్రహ్లాదుడు ఏడ్చాడా అని అడిగింది. పుస్తకం వెనక్కు తిప్పి వెతికాము. మేము చదివిన పద్యాలలో ఆ సంగతి కనబడలేదు.